దయ్యాల సినిమా అనుకోని కూసోకుర్రి: జపాన్ అనిమే, లైట్ నావెల్స్ కొత్తగ మొదలువెట్టేటోళ్లకు

2025 సెప్టెంబర్‌ల డీమన్ స్లేయర్ ఇన్ఫినిటీ కాసిల్ తెలుగు డబ్బింగ్‌తోటి థియేటర్లకు వచ్చినప్పటి సంది నన్ను అడిగేటోళ్లు ఎక్కువైండ్రు. హన్మకొండల కోచింగ్‌కు వచ్చిన పిల్లలు, కాజీపేట నుంచి రోజు ట్రైన్ల సికింద్రాబాద్ పోయొచ్చే దోస్తులు, ఆఖరికి మా అక్క గూడ, ఈ జపాన్ బొమ్మల సినిమాలల్ల ఏది ముందు చూడాలె, ఏది పిల్లలకు చూపియ్యొచ్చు, ఆ లైట్ నావెల్స్ అంటే ఏంది, ఎక్కడ దొరుకుతయి అని. ఒక్కొక్కళ్లకు వాయిస్ మెసేజులు పెట్టే బదులు అంత ఒక్కకాడ రాస్తున్న. అన్ని రకాల అనిమే గురించి గాదు, దేవుళ్లు, ఆత్మలు, దయ్యాలు, చెట్ల మీద ఉండేటివి, నీళ్లల్ల ఉండేటివి, గీటి మీద వచ్చిన సినిమాలు, పుస్తకాల గురించే.

ముందుగాల ఒక్క మాట చెప్త, ఇది పట్టుకుంటే మిగతాదంత అల్కగ అయితది. మనకు దయ్యం సినిమా అంటే పాత బంగ్లా, అన్యాయంగ చచ్చిపోయిన మనిషి పగ, చివర్ల ఎవరో ఒక మంత్రగాడు వచ్చి కట్టడి చేసుడు, గిదే అలవాటైంది. అదే లెక్కల పోయి జపాన్ సినిమా ముంగట కూసుంటే "ఎప్పుడు భయపెడ్తది, ఎప్పుడు భయపెడ్తది" అని చూసుడే అయితది, అది భయపెట్టకుంటనే ఎల్లిపోతది, సినిమా అయిపోతది, ఏమున్నది దీంట్ల అంటరు. ఆ కథలల్ల అడగాల్సింది "అది మంచిదా చెడ్డదా" అని గాదు. "ఈ జాగ ఎవరిది, ఇక్కడ కట్టుబాటు ఏంది, దాన్ని ఎవలు తప్పిండ్రు" అని అడగాలె. ఒక్కసారి అట్ల అడుగుడు మొదలువెడితే పిల్లల సినిమా కాడినుంచి రక్తాలు కారే సినిమా దాక అన్నీ తెరుచుకుంటయి.

ఇది మన దిక్కు పుట్టినోళ్లకు కొత్త గాదు. చెరువు కట్ట మీద కట్టమైసమ్మ ఉంటది, ఆమె మంచిదా చెడ్డదా అని ఊర్ల ఎవలన్న అడుగుతరా? ఆ కట్ట ఆమెది, కట్ట తెగకుంట కాపాడేది ఆమె, ఏడాదికోసారి బోనం చెయ్యాలె, మర్చిపోతే కోపమొస్తది, అంతే లెక్క. మేడారం జాతర చూడుర్రి, గద్దె మీద విగ్రహం ఉండది, సమ్మక్కను చిలుకలగుట్ట నుంచి కుంకుమ భరిణె రూపంల తీసుకొస్తరు, నాలుగో రోజు వనప్రవేశం, తల్లి అడవికి వాపసు పోతది. అంటే దేవత వచ్చి ఉండి పోయేటామె. జపాన్ల షింటో గుళ్లల్ల గూడ గిదే తీరు, ఒక పెద్ద చెట్టు, ఒక కొండ, ఒక రాయి, గుడి లోపల ఒక అద్దం, గివే దేవుని జాగలు, జాతర రోజు పల్లకి లాంటి దాంట్ల పెట్టుకొని వాడవాడకు తిప్పుతరు. ఆ చెట్టుకు గడ్డితోటి పేనిన లావు మోకు కట్టి ఉంటది, సినిమాల ఎక్కడన్న చెట్టుకు అసొంటి మోకు కనవడ్డదంటే అక్కడ ఒకరు ఉంటున్నరని అర్థం, ఆ సీన్ల మాటలు లేకున్నా జర జాగ్రత్తగ చూడుర్రి.

మొదలు దేనితోటి పెట్టాలె

స్పిరిటెడ్ అవే. దీంట్ల నాకు రెండో ఆలోచన లేదు. హయావో మియాజాకి తీసిండు, స్టూడియో జిబ్లీ, 2001ల వచ్చింది, 2002ల బెర్లిన్‌ల గోల్డెన్ బేర్, 2003ల ఆస్కార్ గూడ వచ్చింది. అవార్డుల కోసం గాదు నేను చెప్పేది, ఒక్క సినిమాలనే ఈ రకం కథల కట్టుబాట్లన్నీ దొరుకుతయి, అందుకు.

చిహిరో అని పదేండ్ల పిల్ల, అమ్మానాయినలతోటి కొత్త ఇంటికి పోతుంటే తొవ్వ తప్పుతరు, ఒక సొరంగం దాటి ఎవలు లేని ఊర్లకు పోతరు. అక్కడ ఒక హోటల్ల తిండి కుప్పలు కుప్పలు పెట్టి ఉంటది, మనుషులు ఉండరు. నాయిన "పైసలున్నయి, కార్డు ఉన్నది, తర్వాత ఇద్దాం" అని కూసోని తింటడు. గా సీన్ల ఆగుర్రి. ఎవరి జాగనో తెల్వదు, అడగలేదు, మొక్కలేదు, తిన్నరు, పందులైండ్రు. మంత్రగత్తె క్రూరత్వం అని చూస్తే అది చిన్న పిల్లల కథ, కట్టుబాటు తప్పుడు అని చూస్తే మొత్తం సినిమా అర్థమైతది. ఆ తర్వాత పిల్ల అక్కడ బతకాలంటే పని చెయ్యాలె, పని కావాలంటే పేరు ఇయ్యాలె, ఆత్మలు స్నానాలకు వచ్చే ఇంటిని నడిపే మంత్రగత్తె యుబాబా ఆ పిల్ల పేరుల నుంచి అక్షరాలు గుంజుకొని సెన్ అని ఒక్క ముక్క మిగిలిస్తది. అసలు పేరు మర్చిపోతే ఇంటికి పోయే తొవ్వ ఉండది. పేరు పట్టుకున్నోని చేతిలనే మనిషైనా ఆత్మ అయినా ఉంటది అనే ఈ కట్టుబాటు మీకు ముంగట మస్తు కథలల్ల వస్తది, ఇక్కడనే గుర్తువెట్టుకోర్రి.

ఇంక ఆ స్నానాల ఇంట్ల ఒక రాత్రి వానల కంపు కొట్టే ఒక ఆత్మ వస్తది. బురద ముద్ద, అది నడుస్తుంటే నేలంత జిగట, దాని కంపుకు అన్నం పళ్లెం దగ్గరికి రాకముందే పాడైపోతది. అందరు పారిపోతరు, చిహిరోను ముంగటికి దొబ్బుతరు. ఆ పిల్ల తాడు గుంజి వేడినీళ్లు వదులుతది, బురదల జారి పడ్తది, లోపల చెయ్యి పెడితే దాని పక్కల ఏదో ముల్లు లెక్క గట్టిగ తగుల్తది. యుబాబా తాడు ఇసిరితే పిల్ల దాన్ని ఆ ముల్లుకు కడ్తది, అందరు కలిసి గుంజుతరు, ముందు ఒక సైకిల్ హ్యాండిల్ బయటికొస్తది, దాని ఎనుక మొత్తం సైకిల్, దాని ఎనుక ఇనుప సామాను, చెత్త, కుప్పలకు కుప్పలు. అంత పోయినంక నీళ్లల్ల ఒక ముసలాయన మొఖం కనవడ్తది, నవ్వుతది, డ్రాగన్ రూపంల ఎగిరి పోతది. వచ్చింది దయ్యం గాదు, ఒక నది. మియాజాకి ఒక నదిని సాఫ్ చేసే పనిల తాను పాల్గొన్నప్పుడు నిజంగనే సైకిల్ బయటవడ్డదని చెప్పిండు. మన భద్రకాళి చెరువు నీళ్లు తీసి పూడిక ఎత్తినప్పుడు ఆ కట్ట మీద నిలవడి చూసినోళ్లకు ఈ సీన్ వేరే తీరుగ తగుల్తది, నాకైతే అట్లనే తగిలింది. మీరు ఈ సీన్‌ను ఫోన్ల గాదు, జర పెద్ద స్క్రీన్ మీద, సౌండ్ పెట్టుకొని చూడుర్రి, ఆ గుంజుడుల ఉన్న కష్టం సౌండ్‌ల ఉంటది.

ఇది చూసినంక రెండు రోజులు ఆగి ప్రిన్సెస్ మోనోనోకె చూడుర్రి, 1997ది, అదే మియాజాకి. వెంటనే చూస్తే రెండు కలిసిపోతయి. మొదట్లనే ఒక అడవిపంది దేవుడు పిచ్చివట్టి ఊరి మీదికి ఉరుకొస్తది, ఒంటినిండ నల్లటి పురుగులు పారుతుంటయి, అషితక అనే యువకుడు బాణమేసి చంపుతడు, దాని శాపం అతని చెయ్యికి అంటుకుంటది. అది పానం పోయేటప్పుడు ఊరి పెద్దమ్మ వచ్చి ఆ పంది ముంగట వంగి మొక్కి, మీకు ఇక్కడ గుట్ట కట్టి పూజ చేస్తం, మా మీద కోపం ఉంచుకోకుర్రి అని వేడుకుంటది. చంపిందాన్నే మొక్కుడు. మా నాయనమ్మ పక్కన కూసోని ఈ ముక్క చూసింది, ఆమెకు జపాన్ భాష రాదు, ఇంగ్లీషు రాదు, "మొక్కకపోతే ఊరిని వట్టుకుంటది గదా" అన్నది, నేను ఒక్క ముక్క చెప్పకముందే. ఆ పంది పిచ్చివట్టుడికి కారణం ఒంట్ల దిగిన ఇనుప గుండు, ఆ గుండు చేసిన ఊరిని నడిపే ఎబోషి దొరసాని అడవిని నరుకుతది, కానీ కుష్టురోగులకు, అమ్ముడువోయిన ఆడోళ్లకు పని, తిండి, గౌరవం ఇచ్చేది గూడ ఆమెనే. అందుకే విలన్ ఎవరో ఎతుక్కోకుర్రి, దొరకడు. చేతులు, తలలు తెగుడు ఉంటది, చిన్న పిల్లలకు వద్దు.

అడవి జాగల కాలనీలు కట్టుడు మీద ఇసావో తకహాత 1994ల పోమ్ పోకో తీసిండు, టోక్యో పక్కన తమ గుట్టల మీద కొత్త టౌన్ కడ్తుంటే అక్కడుండే తనుకీలు అనే కుక్క జాతి జంతువులు రూపాలు మార్చుకొని మనుషులను బెదిరించే కథ. నవ్విస్తది, చివరికొచ్చేసరికి గుండె బరువైతది. జిబ్లీ సినిమాలల్ల మూడోదిగ చూసేటందుకు మంచిగుంటది.

ఇంట్ల చిన్న పిల్లలు, ముసలోళ్లు ఉంటే

మై నైబర్ టోటోరో, 1988, గంటన్నర లోపే. ఇద్దరు అక్కచెల్లెండ్లు, తల్లి దవాఖాన్ల, నాయిన పిల్లలను తీసుకొని పల్లెకు వస్తడు, ఇంటి పక్క పెద్ద కర్పూరం చెట్టు, దాంట్ల ఉండే అడవి ఆత్మ టోటోరో. భయపెట్టేది ఏం లేదు. ఆ నాయిన పిల్లలను చెట్టు కాడికి తీసుకపోయి వంగి దండం వెట్టిస్తడు, మా పిల్లను చూసుకున్నందుకు థ్యాంక్స్ అని చెప్తడు, అది చూసి మన ఇంట్ల ముసలోళ్లు మెచ్చుకుంటరు. చివర్ల పేర్లు పడేటప్పుడు ఆపకుర్రి, తల్లి ఇంటికొచ్చేది ఆ బొమ్మలల్లనే ఉంటది, అది చూపియ్యకుంట టీవీ బంద్ చేస్తే పిల్లలకు తల్లి ఏమైందో తెల్వదు.

ఇంట్ల ఎవరన్న పోయిన పిల్లలు ఉంటే ఒక మాట. ఎ లెటర్ టు మోమో, ఒకోస్ ఇన్ అని రెండు సినిమాలున్నయి. మోమో వాళ్ల నాయినతోటి కొట్లాడి మాట అన్న తర్వాత ఆయన చచ్చిపోతడు, "మోమోకు" అని మొదలువెట్టి ఖాళీగ ఉన్న ఉత్తరం ఒకటి దొరుకుతది. ఒకోస్ ఇన్‌ల ఒకో అనే పిల్ల కార్ యాక్సిడెంట్ల అమ్మానాయినలను పోగొట్టుకొని అమ్మమ్మ నడిపే సత్రంల పని నేర్చుకుంటది, అక్కడ ఆమెకు ఆత్మలు కనవడ్తయి. రెండింటిల ఆత్మలు ఆ పిల్లలకు తోడుంటయి. కానీ పెద్దోళ్లు ముందు ఒక్కళ్లే చూసి, ఆ పిల్ల ఇప్పుడు చూడగలదా లేదా అని ఆలోచించి అప్పుడు చూపియ్యాలె, ఒకోస్ ఇన్‌ల యాక్సిడెంట్ ముక్క గట్టిగ తగుల్తది.

టైం లేనోళ్లకు హొతరుబి నో మొరి ఎ, 2011, ముప్పావు గంటనే. ఎండాకాలం సెలవులకు తాత ఊరికొచ్చిన ఆరేండ్ల పిల్ల హొతరు అడవిల తప్పిపోతది, నక్క మాస్క్ పెట్టుకున్న గిన్ అనే పిలగాడు కనవడ్తడు. మనిషి ముట్టుకుంటే అతను మాయమైపోతడు, అదొక్కటే కట్టుబాటు. పిల్ల సంబరపడి ఉరికొస్తే కట్టెతోటి నెత్తి మీద కొడ్తడు, దగ్గరికి రాకు అని. తర్వాత అదే కట్టెకు ఒక కొస ఆమె, ఒక కొస అతను పట్టుకొని అడవిల నడుస్తరు. ఏటేటా పిల్ల పెరుగుతది, అతను దాదాపు అట్లనే ఉంటడు. ముగింపు నేను చెప్ప. ఇది నచ్చితే అదే రచయిత్రి యుకి మిదొరికవ కథ నత్సుమేస్ బుక్ ఆఫ్ ఫ్రెండ్స్ సిరీస్ చూడుర్రి, అమ్మమ్మ ఒకప్పుడు గెలిచి నోటు పుస్తకంల రాసుకున్న యోకాయ్‌ల, అంటే ఆత్మలు, వింత జీవుల పేర్లను మనుమడు ఒక్కొక్కటి వాపసు ఇచ్చుకుంట పోతడు. పేరు కట్టుబాటు అన్న గదా, గదే మళ్ల ఇక్కడ.

ఈ సినిమాలల్ల ఎప్పుడు చూసినా ఎండాకాలమే ఎందుకు, కీచురాళ్ల సౌండ్ ఎందుకు అని చాన మంది అడుగుతరు. జపాన్ల ఎక్కువ జాగలల్ల ఆగస్టు నడిమిట్ల ఒబోన్ వస్తది, చచ్చిపోయిన పెద్దలు ఇంటికొచ్చే రోజులు, అందుకే దయ్యాల కథలకు అది సీజన్. కీరదోసకాయకు నాలుగు పుల్లలు గుచ్చి గుర్రం, వంకాయకు నాలుగు పుల్లలు గుచ్చి ఆవు చేసి పెడ్తరు, వచ్చేటప్పుడు గుర్రం మీద జల్ది రావాలె, పోయేటప్పుడు ఆవు మీద నిమ్మళంగ పోవాలె అని. పెత్రమాస నాడు పొద్దుగాల పెద్దలకు పెట్టుకొని అదే రోజు సాయంత్రం ఎంగిలిపూల బతుకమ్మ ఆడే మనకు, చచ్చినోళ్లను యాది చేసుకునే రోజు పండుగ లెక్క ఉండుడు వింత గాదు. సినిమాల ఒక మూలకు గా వంకాయ బొమ్మ కనవడితే ఇప్పుడు మీకు తెలుస్తది.

షింకాయ్ సినిమాలు, మునిగిన ఊర్లు

డైరెక్టర్ మకోతో షింకాయ్ సినిమాలు మన దేశంల థియేటర్లల్ల ఆడినయి, వెదరింగ్ విత్ యూ 2019 అక్టోబర్‌ల వచ్చింది, ఇక్కడి ఫ్యాన్స్ ఆన్‌లైన్ల సంతకాలు పెట్టి అడిగిన్రు దానికోసం. సుజుమె 2023 ఏప్రిల్‌ల వచ్చింది. ఈయనతోటి మొదలువెట్టేటోళ్లు యువర్ నేమ్ చూడుర్రి, 2016ది, పల్లెల ఉండే మిత్సుహ, టోక్యోల ఉండే తాకి నిద్రల శరీరాలు మారుతుంటరు. ప్రేమకథ అని అందరికీ తెలుసు, కానీ అమ్మమ్మ దారాలు పేనుకుంట చెప్పే మాటలు, కొండ మీది గుడికి పిల్లలను తీసుకపోయే నడక, గా ముక్కలను ఫార్వర్డ్ చేసినోళ్లకు రెండో సగం అర్థం కాదు.

నాకు మాత్రం సుజుమె ఎక్కువ. ఊర్లు ఖాళీ అయిన జాగలల్ల, మూతవడ్డ బడి, పాడైన స్నానాల రిసార్ట్, బంద్ అయిన పార్కు, అక్కడ ఒక తలుపు తెరుచుకుంటది, దాంట్ల నుంచి భూకంపం తెచ్చే ఎర్రటి పురుగు లేస్తది, ఆ తలుపును మూసెయ్యాలె. మూసే పద్ధతి చూడుర్రి. బలం ఒక్కటే సరిపోదు, కండ్లు మూసుకొని, ఆ జాగల ఒకప్పుడు బతికినోళ్ల ముచ్చట్లు, నవ్వులు, పిల్లల సౌండ్లు ఇనాలె, ఇన్న తర్వాత, ఇన్నేండ్లు మాకిచ్చిన ఈ కొండలు, నదులు మీకే వాపసు అప్పజెప్తున్నం అని దేవునికి చెప్పి తాళం వెయ్యాలె. మిడ్ మానేరు కింద ఊర్లు పోయినోళ్లు, సింగరేణి ఓపెన్‌కాస్ట్‌కు ఊరు ఖాళీ చేసినోళ్లు మన దిక్కు ఎంతమంది ఉన్నరు, మనం ఊరికి పైసలు తీసుకున్నం, ఇండ్లు కట్టుకున్నం, కానీ ఆ బొడ్రాయికి, ఆ జాగకు పోయొస్తమని చెప్పి వచ్చినోళ్లు ఎందరు? ఈ సినిమా చూస్తే గా ప్రశ్న వస్తది, అందుకే చూడమంటున్న. దీని ఎనుక 2011 మార్చి 11 నాటి తూర్పు జపాన్ భూకంపం, సునామీ ఉన్నయి, అది తెలుసుకోని చూస్తే చివరి ఇరవై నిమిషాలు అర్థమైతయి.

భాష, సబ్‌టైటిల్స్, వరుస

జపనీస్ ఆడియో, ఇంగ్లీషు సబ్‌టైటిల్, ఇదే నా సలహా, కానీ ఇంగ్లీషు జల్ది చదువరానోళ్లు బాధపడుకుంట చూడుడు వద్దు, హిందీ డబ్బింగ్ ఉంటే హిందీల చూడుర్రి, తెలుగు ఉంటే తెలుగుల చూడుర్రి. సబ్‌టైటిల్స్ లిస్టుల "ఇంగ్లీష్ సీసీ" అని వేరే ఉంటే అది చాన సార్లు ఇంగ్లీషు డబ్బింగ్ మాటలకు రాసింది, జపనీస్ ఆడియోకు అతకదు, మామూలు ఇంగ్లీష్ అని ఉన్నదే తీసుకోర్రి. జిబ్లీ సినిమాలు 2020 నుంచి మన దగ్గర నెట్‌ఫ్లిక్స్‌ల వచ్చినయి, సిరీస్‌లకు క్రంచీరోల్ ఉన్నది, మిగతావి ఒక యాప్ నుంచి ఇంకో యాప్‌కు మారుతుంటయి, రీచార్జ్ చేసే ముందే పేరు కొట్టి చూసుకోర్రి. టెలిగ్రామ్‌ల దొరికే కాపీలు వద్దు, బొమ్మ నల్లగ ఉంటది, మాటలు సగం తప్పులు, ఈ రకం సినిమాలల్ల సగం కథ చీకట్లనే ఉంటది.

డీమన్ స్లేయర్ సంగతి. ఇన్ఫినిటీ కాసిల్ విడి సినిమా గాదు, దానికి సీదా పోయినోళ్లు ఎవలు ఎవలో తెల్వక లేచొచ్చిండ్రు. మొదటి సీజన్ 26 ఎపిసోడ్లు, తర్వాత ముగెన్ ట్రైన్ సినిమా, తర్వాత ఎంటర్‌టైన్‌మెంట్ డిస్ట్రిక్ట్, స్వోర్డ్‌స్మిత్ విలేజ్, హషీరా ట్రైనింగ్, అప్పుడు ఇన్ఫినిటీ కాసిల్, అది గూడ మూడు సినిమాలల్ల మొదటిది. ఇది కొట్లాటల కథ, నేను మీదంగ చెప్పినంత నిమ్మళం ఉండది. కానీ చాన మంది రాక్షసులు చచ్చేటప్పుడు వాళ్లు మనుషులుగ ఉన్నప్పటి బతుకు కనవడ్తది, హీరో తంజిరో వాళ్ల మీద దయ చూపిస్తడు, ఆ ముక్కలు కట్ చేసి ఫైటింగ్ క్లిప్పులు మాత్రమే చూసేటోళ్లు సగం కథ పోగొట్టుకుంటున్నరు.

లైట్ నావెల్స్

ఇది చిన్న సైజు పుస్తకం, జపాన్ల ఎక్కువగ ఏ6 సైజుల వస్తది, అంటే 105 బై 148 మిల్లీమీటర్లు, ప్యాంటు జేబుల పడ్తది. మొదట్ల నాలుగైదు రంగుల బొమ్మల పేజీలు, లోపల అక్కడక్కడ నలుపు తెలుపు బొమ్మలు, మిగతాదంత రాతనే. మాంగా గాదు, కామిక్ గాదు, నవల. చిన్న చిన్న పేరాలు, మాటలు ఎక్కువ, కథను ఎక్కువ సార్లు హీరోనే "నేను" అని చెప్పుకుంట పోతడు. అందుకే మామూలు ఇంగ్లీషు వచ్చినోళ్లు గూడ చదువొచ్చు, డిగ్రీ సెకండియర్ పిల్లలు డిక్షనరీ పక్కన పెట్టుకోకుంటనే చదువుతున్నరు. ఇంగ్లీషుల యెన్ ప్రెస్ ఎక్కువ వేస్తది, జే నావెల్ క్లబ్ ఈబుక్స్ వేస్తది. కాగితం పుస్తకం జర పిరం, కిండిల్లనో బుక్‌వాకర్లనో ఆఫర్ ఉన్నప్పుడు మొదటి వాల్యూమ్ కొనుర్రి, సెట్టు మొత్తం ఒక్కసారి కొనకుర్రి. కొన్ని సిరీస్‌లు ఇరవై వాల్యూమ్‌లు దాటి పోతయి, మొదటిది నచ్చినంకనే రెండోది.

మొదటి పుస్తకంగ స్పైస్ అండ్ వుల్ఫ్ చెప్త, ఇసునా హసెకురా రాసిండు, 2006ల మొదటి వాల్యూమ్. హోలో అని తోడేలు రూపం ఉన్న పంటల దేవత, ఒక ఊరికి మంచి పంట ఇస్తనని ఎప్పుడో మాటిచ్చింది, వందల ఏండ్లు నిలవెట్టుకున్నది, ఇప్పుడు ఊరోళ్లు కొత్త పద్ధతులు నేర్చుకున్నరు, ఆమె అక్కెర తీరింది, మర్చిపోయిండ్రు. లారెన్స్ అనే తిరుగుడు వ్యాపారి బండిల గోధుమ కంకుల మీద ఎక్కి ఊరు ఇడిచిపోతది. జాగ, కట్టుబాటు, తప్పినోళ్లు, మళ్ల గదే, కానీ ఈసారి దేవత దిక్కు నుంచి. దాని తర్వాత కథంత వ్యాపారం, నాణేలల్ల వెండి ఎంత, ఎవలు ఎవలను ముంచుతున్నరు. ఎనుమాముల మార్కెట్ల కమీషన్ దుకాణం దగ్గర పెరిగినోళ్లకు ఆ బేరాలు చదువుతుంటే మజా వస్తది, అందులో అనుమానం లేదు.

బడి, కాలేజీ కథలు కావాల్నంటే బూగీపాప్ అండ్ అదర్స్, కోహెయ్ కదోనో, 1998. స్కూల్ల ఆడపిల్లల నడుమ తిరిగే ఒక పుకారు, చావును తెచ్చే ఒకడు ఉన్నడని. ఒకే సంగతిని ఐదుగురు ఐదు తీర్ల చెప్తరు, ఒక్కళ్లకు గూడ పూర్తిగ తెల్వదు. చదివేటప్పుడు ప్రతి అధ్యాయం మొదట్ల ఎవలు చెప్తున్నరో ఒక కాగితం మీద రాసి పెట్టుకోర్రి, లేకపోతే నడుమ తికమక అయితది. ఒక్క వాల్యూమ్‌తోటే కథ ఒక తీరానికి వస్తది, అది మంచి సంగతి.

రాస్కల్ డస్ నాట్ డ్రీమ్ సిరీస్, హజిమె కమోషిద రాసింది, దీంట్ల దయ్యం లేదు, కానీ సకురాజిమా మాయి అనే పిల్ల మెల్లమెల్లగ అందరికీ కనవడకుంట పోతది, ఎందుకంటే స్కూల్ మొత్తం ఆమెను పట్టించుకోవద్దని లోపల లోపల ఒప్పుకున్నది. హాస్టల్ల ఒక్కళ్లను పక్కకు పెట్టుడు ఎట్లుంటదో చూసినోళ్లకు ఇది ఏ దయ్యం కథ కంటే ఎక్కువ భయం పుట్టిస్తది. మొదటి సిరీస్ 13 ఎపిసోడ్లు ముందు, 2019 సినిమా తర్వాత.

నిసియో ఇసిన్ రాసిన మోనోగతారి పుస్తకాలు మస్తు పేరున్నయి, బకెమోనోగతారి 2006ల వచ్చింది. మొదటి కథల ఒక పిల్లకు దాదాపు బరువే ఉండదు, ఒక ఎండ్రకాయ దేవుడు ఎత్తుకపోయిండు. ఎందుకు ఎత్తుకపోయిండు అంటే ఆ పిల్ల మోయలేని ఒక దుఃఖాన్ని తానే ఇచ్చేసింది. ఎంత బలమైన ఆలోచన అది! కానీ మాటల మీద మాటలు, ఆటల మీద ఆటలు, సినిమాగ వచ్చిన కిజుమోనోగతారి మూడు భాగాలల్ల (2016, 2017) రక్తం చాన, ఆడపిల్లల బొమ్మలు చూపించే తీరు నాకు కొన్ని కాడ నచ్చది, ఇంట్ల అందరి ముంగట పెట్టేది గాదు. రెండు మూడు పుస్తకాలు చదివి అలవాటైనంకనే దీనికి రార్రి.

కారా నో క్యోకయ్, కినోకో నసు నవల, ఉఫోటేబుల్ స్టూడియో 2007 నుంచి 2009 దాక ఏడు సినిమాలు తీసింది. కాలం వరుసల చూడాలంటే రెండు, నాలుగు, మూడు, ఒకటి, ఐదు, ఆరు, ఏడు, కానీ అట్ల చూడకుర్రి, విడుదలైన వరుసలనే చూడుర్రి, తికమకవడుడు ఆ కథల భాగం. ఆత్మహత్యలు, మూడో సినిమాల ఆడపిల్ల మీద అత్యాచారం ఉన్నయి, మనసు బాగలేనప్పుడు అస్సలు వద్దు, 18 నిండనోళ్లకు వద్దు.

సినిమా ముందా పుస్తకం ముందా అని అడిగితే, షింకాయ్ సంగతిల సినిమా ముందు. యువర్ నేమ్ నవల ఆయననే రాసిండు, సినిమా కంటే రెండు నెలల ముందే జపాన్ల వచ్చింది, కానీ బొమ్మలు చూసినంక చదివితే తాకి, మిత్సుహ ఇద్దరి మనసులల్ల ఏం నడుస్తుందో పుస్తకంల దొరుకుతది, సినిమాల దొరకది. మిగతా సిరీస్‌లకు పుస్తకం ముందు, ఎందుకంటే సినిమాలు చాన సార్లు నడుమల వాల్యూమ్ నుంచి తీస్తరు. ది డిసపియరెన్స్ ఆఫ్ హరుహి సుజుమియా 2010 సినిమా నాలుగో వాల్యూమ్ కథ, రెండు గంటల నలభై నిమిషాలు, ఎనుకటి కథ తెల్వకుంట కూసుంటే మొదటి గంటకే నిద్ర వస్తది.

పైసలు పెట్టకుంట ఈ కథల వేర్లు ఎక్కడున్నయో చూడాలంటే లఫ్కాడియో హెర్న్ 1904ల ఇంగ్లీషుల రాసిన జపాన్ పాత దయ్యాల కథల పుస్తకం క్వైదాన్ ఉన్నది, కాపీరైట్ ఎప్పుడో అయిపోయింది, ప్రాజెక్ట్ గూటెన్‌బర్గ్‌ల ఫ్రీగ డౌన్‌లోడ్ అయితది. పాత ఇంగ్లీషు, జర మెల్లగ చదువాలె. ముజిన అనే కథతోటి మొదలువెట్టుర్రి, రెండు మూడు పేజీలే, కాజీపేట నుంచి జనగామ వచ్చేసరికి అయిపోతది. దాని తర్వాత యుకి ఓన్న, తర్వాత చెవులు లేని హోయిచి. ఈ మూడు చదివి పోమ్ పోకోల తనుకీలు చేసే దయ్యాల ఊరేగింపు మళ్ల ఒక్కసారి పెట్టుకోని చూడుర్రి.